పల్లాడియం సంగతి తర్వాత, ముందు బోరాన్ ఎటు పోయిందో చూడండి

ప్రశ్న: నేను పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. 2-పిరిడైల్ బోరోనిక్ యాసిడ్‌ని ఒక ఆరైల్ బ్రోమైడ్‌తో, పల్లాడియం క్యాటలిస్ట్ వేసి, సుజుకి కప్లింగ్ చేయాలి. ఆ బ్రోమైడ్ మీద ఒక ఎస్టర్ ఉంది. ఎనిమిది నెలలుగా ఇదే పని. పదకొండు లైగాండ్లు, నాలుగు బేస్‌లు మార్చాను. ఈల్డ్ ఒకసారి 12 శాతం, ఒకసారి 38, మళ్లీ అచ్చం అలాగే చేస్తే 15. రాత్రంతా 90 డిగ్రీల్లో పెట్టి పొద్దున టీఎల్‌సీ ప్లేటు మీద ఏమేం మిగిలాయో చూస్తే బ్రోమైడ్ చాలావరకు అలాగే ఉంటుంది, బోరోనిక్ యాసిడ్ మాత్రం కనిపించదు. మా గైడ్ "పేపర్లో 86 శాతం వచ్చింది, లోపం నీ చేతిలోనే ఉంది" అంటున్నారు. నెగిషి చేసి చూడమని ఒక సీనియర్ చెప్పాడు. కానీ నాకు గ్రిగ్నార్డ్ కూడా ఒక్కోసారి మొదలే కాదు, బ్యూటైల్ లిథియం అంటే భయం. టాపిక్ మార్చుకోమంటారా?
— ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: టాపిక్ మార్చకండి. పన్నెండో లైగాండ్ కూడా తెప్పించకండి. మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. దాన్ని మామూలు మాటలా రాసి దాటేశారంతే: "బ్రోమైడ్ అలాగే ఉంటుంది, బోరోనిక్ యాసిడ్ మాత్రం కనిపించదు."

ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం. కప్లింగ్‌లో రెండు ముక్కలు ఒకటికి ఒకటి చొప్పున కలవాలి. ఒకటి మిగిలిపోయి రెండోది అయిపోయిందంటే, ఆ రెండోది మీ ప్రాడక్ట్‌లోకి రాలేదు, ఇంకెటో పోయింది. లైగాండ్ అంటే పల్లాడియాన్ని అంటిపెట్టుకుని దాన్ని నడిపించే అణువు, అది మార్చితే మారేది పల్లాడియం పనితీరు. కలపాల్సిన సరుకే ఫ్లాస్కులో లేకపోతే పల్లాడియం ఎంత చురుగ్గా ఉండి ఏం లాభం? చిల్లు కుండకు మూతలు మార్చుతూ కూర్చున్నారు మీరు. నొప్పించాలని అనడం లేదు. నేనూ ఇలా కొన్ని వారాలు కూర్చున్నవాణ్నే, ఆ సంగతి కింద చెప్తాను.

2-పిరిడైల్ బోరోనిక్ యాసిడ్ ఈ రంగంలో పేరుమోసిన మొండిఘటం. బోరాన్ కూర్చున్న కార్బన్ పక్కనే రింగులో నైట్రోజన్ ఉంది. నీళ్లు తగిలితే ఆ నైట్రోజన్ ఒక ప్రోటాన్‌ని పట్టుకుంటుంది, బోరాన్ ఒక హైడ్రాక్సైడ్‌ని పట్టుకుంటుంది. ఒకే అణువులో ఒకచోట ప్లస్, పక్కనే మైనస్. ఆ స్థితిలో కార్బన్-బోరాన్ బంధం ఇట్టే తెగిపోతుంది. బోరాన్ బోరిక్ యాసిడ్‌గా వెళ్లిపోతుంది, మిగిలేది ఉత్త పిరిడిన్. దీన్నే ప్రోటోడీబోరోనేషన్ అంటారు. ఇది జరగడానికి పల్లాడియం అక్కర్లేదు, మీ తప్పూ అక్కర్లేదు. గై లాయిడ్-జోన్స్ బృందం 2016లో దీన్ని కొలిచి చూపించింది: 70 డిగ్రీల్లో, పీహెచ్ 7 దగ్గర, ఈ బోరోనిక్ యాసిడ్ సగానికి సగం పోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. మీ ఫ్లాస్కులో బేస్ ఉంది కాబట్టి పీహెచ్ అంతకంటే ఎక్కువే ఉంటుంది, ఈ అణువు విషయంలో అది కొంత మేలే. కానీ మీరు పెడుతున్నది 90 డిగ్రీల్లో, అదీ రాత్రంతా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పుట్టిన పిరిడిన్ నీళ్లలో బాగా కలుస్తుంది, 115 డిగ్రీలకే మరుగుతుంది. వర్కప్‌లో, అంటే రియాక్షన్ అయ్యాక నీళ్లతో కడిగేటప్పుడు, కొంత నీళ్లతో పోతుంది, మిగిలింది సాల్వెంట్‌ని ఆవిరి చేసే రోటావాప్‌లో ఎగిరిపోతుంది. హత్య జరిగింది కానీ శవం దొరకదన్నమాట. శుద్ధి చేయని ఆ మిశ్రమం ఎన్‌ఎంఆర్ చూస్తే శుభ్రంగా ఉంటుంది: బ్రోమైడ్, దాంతోపాటు కాస్త ప్రాడక్ట్. ఎవరు చూసినా "క్యాటలిస్ట్ పని చేయలేదు" అనే అంటారు. మీరూ అదే అనుకున్నారు, మీ గైడూ అదే అనుకుని ఉంటారు.

ఈల్డ్ 12, 38, 15 అని గంతులేయడం కూడా ఇక్కడికే వస్తుంది. మీ ఫ్లాస్కులో ఒక పందెం నడుస్తోంది. పిరిడైల్ గుంపును ఒకపక్క పల్లాడియం లాగుతోంది, ఇంకోపక్క నీళ్లు లాగుతున్నాయి. ఆయిల్ బాత్ ముందే వేడిగా ఉందా, మెల్లగా వేడెక్కిందా, బేస్‌గా వేసిన కార్బొనేట్ పూర్తిగా కరిగిందా, అడుగున ముద్దగా ఉందా, నీళ్లు ఒక చుక్క ఎక్కువ పడ్డాయా — ఇలాంటి చిన్న తేడాలతోనే గెలుపు అటూ ఇటూ మారుతుంది. దీనికి తోడు సీసా. బోరోనిక్ యాసిడ్లు ఊరికే ఉండవు. మూడు అణువులు మూడు నీటి అణువుల్ని వదిలేసి బోరాక్సిన్ అనే రింగుగా మారుతుంటాయి. సీసాలో రెండూ కలిసి ఉంటాయి, ఎంత నిష్పత్తిలో అన్నది సీసాను బట్టి, దాని వయసును బట్టి మారుతుంది. లేబుల్ మీది అణుభారంతో లెక్కకట్టి "1.5 ఈక్వివలెంట్లు వేశాను" అని నోట్‌బుక్‌లో రాసుకుంటాం. నిజంగా వేసింది ఎంతో ఆ సీసాకే తెలియాలి.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి, మీ పరిస్థితికి దానికంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. 1899లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ బార్బియే అనే ప్రొఫెసర్ ఒక కీటోన్, మిథైల్ అయొడైడ్, మెగ్నీషియం మూడింటినీ ఒకేచోట వేసి ఒక ఆల్కహాల్ తయారుచేశాడు. పని జరిగింది కానీ పద్ధతి మీద నమ్మకం కుదరలేదు, ఫలితాలు నిలకడగా రాలేదు. దాన్ని చూడమని తన విద్యార్థి విక్టర్ గ్రిగ్నార్డ్‌కి అప్పగించాడు. గ్రిగ్నార్డ్ కొత్త లోహం వెతకలేదు. ఒక్క పాత్రలో జరిగేదాన్ని రెండుగా విడదీశాడు. ముందు ఈథర్‌లో మెగ్నీషియం రియేజెంట్ చేసుకున్నాడు, అది తయారయ్యాకే కీటోన్ కలిపాడు. 1900లో అచ్చయిన ఆ పనికే 1912లో నోబెల్ వచ్చింది. మనం ఆయన పేరును రియేజెంట్‌కి పెట్టుకున్నాం గానీ, ఆయన చేసిన అసలు పని ఆ విడదీయడమే. ఏ మెట్టు దగ్గర కాలు జారుతోందో అప్పుడు కంటికి కనబడింది.

మీరూ అదే చేయాలి. ఒక చిన్న వయల్‌లో మీ రియాక్షన్‌కి వేసేవన్నీ వేయండి, పల్లాడియం, లైగాండ్, బ్రోమైడ్ తప్ప. అంటే బోరోనిక్ యాసిడ్, బేస్, సాల్వెంట్, నీళ్లు, వీటితోపాటు కొలతకు ఆధారంగా తూకం వేసిన ట్రైమిథాక్సీబెంజీన్. 90 డిగ్రీల్లో పెట్టి 5 నిమిషాలకు, 15 నిమిషాలకు, గంటకు కొంచెం కొంచెం తీసి, వర్కప్ చేయకుండా, ఆవిరి చేయకుండా నేరుగా ఎన్‌ఎంఆర్ తీయండి. వర్కప్ చేస్తే పిరిడిన్ మళ్లీ తప్పించుకుంటుంది. ఎంత బోరోనిక్ యాసిడ్ మిగిలింది, ఎంత పిరిడిన్ పుట్టింది అన్నది గ్రాఫ్ గీయండి. ఒక మధ్యాహ్నం పని. ఎనిమిది నెలల్లో మీకు దొరకని సమాధానం ఆ మధ్యాహ్నం దొరుకుతుందని నా నమ్మకం.

పనిలో పనిగా ఇంకో వయల్‌లో బ్రోమైడ్ కూడా వేసి, పల్లాడియం మాత్రం లేకుండా నడపండి. ఈ రెండు వయల్స్‌కీ కొత్త మ్యాగ్నెటిక్ బార్ వాడండి. పాత బార్‌ల టెఫ్లాన్ మీద పడిన గీతల్లో పాత రియాక్షన్ల పల్లాడియం దాక్కుని ఉంటుంది, ఎంత కడిగినా ఒక పట్టాన పోదు. చాదస్తం అనుకోకండి. నికొలస్ లెడ్‌బీటర్ బృందం 2003లో పల్లాడియం లేకుండానే సుజుకి కప్లింగ్ జరుగుతోందని ప్రచురించింది. అందరూ ఆశ్చర్యపోయారు. 2005లో వాళ్లే మళ్లీ పరిశీలించి, తాము వాడిన సోడియం కార్బొనేట్‌లో వందకోట్ల భాగాలకు 50 భాగాలంత పల్లాడియం ఉందని, ఆ కాస్తతోనే పని జరిగిపోతోందని నిజాయితీగా రాశారు. అంత జరిగాక కూడా 2021లో ఒక ప్రముఖ పత్రికలో అమీన్‌తోనే సుజుకి జరుగుతుందని మరో పేపర్ వచ్చింది. అదే ఏడాది దాన్ని వెనక్కి తీసుకున్నారు. కారణం మళ్లీ పల్లాడియం మలినమే. అందుకే బ్లాంక్, అంటే క్యాటలిస్ట్ లేని రియాక్షన్, నడపకుండా ఈ రంగంలో ఎవరి మాటా నమ్మకూడదు, మన మాటతో సహా.

సరే, బోరాన్ నీళ్లపాలవుతోందని తేలిందనుకుందాం. అప్పుడేం చేయాలి?

అన్నిటికంటే సులువైనది చాలామందికి ఆఖర్న తడుతుంది: రెండు ముక్కల వేషాలు మార్చేయండి. బోరాన్‌ని పిరిడిన్ మీద పెట్టడం మానేసి అవతలి ముక్క మీద పెట్టండి. 2-బ్రోమోపిరిడిన్ చక్కగా నిలవ ఉంటుంది, నైట్రోజన్ పక్కన ఉండటం వల్ల ఆ కార్బన్-బ్రోమిన్ బంధంలోకి పల్లాడియం తేలిగ్గానే దూరుతుంది. బోరాన్‌కి శత్రువైన నైట్రోజనే బ్రోమిన్ దగ్గరికొచ్చేసరికి మిత్రుడవుతుంది. ఇక మీ ఆరైల్ బ్రోమైడ్‌ని బిస్-పినకొలాటో-డైబోరాన్‌తో బోరోనేట్ ఎస్టర్‌గా మార్చుకోవచ్చు. 1995లో మియౌరా బృందం ఇచ్చిన పద్ధతి అది: డీపీపీఎఫ్ అనే లైగాండ్ ఉన్న పల్లాడియం, పొటాషియం అసిటేట్, 80 డిగ్రీల దగ్గర. మీ ఎస్టర్‌ని అది ముట్టుకోదు. మీకు కావాల్సింది ఈ ఒక్క ప్రాడక్టే అయితే ఇక్కడితో కథ కంచికి.

కానీ మీ థీసిస్ ప్లాన్ అలా ఉండకపోవచ్చు. అదే పిరిడిన్‌ని ఉంచి ఇరవై రకాల బ్రోమైడ్లతో కలపాలనుకుంటే, ఒక్కో బ్రోమైడ్‌నీ బోరోనేట్‌గా మార్చడం శిక్షే. అప్పుడు మీ సీనియర్ చెప్పిన నెగిషి కప్లింగే సరైన దారి, అంటే బోరాన్ బదులు జింక్. అయితే ఆయన ఎందుకు చెప్పారో అది తెలుసుకుని వెళ్లండి, లేకపోతే అక్కడా ఇదే కథ నడుస్తుంది.

కార్బన్‌కి ఏ లోహం తగిలించాలన్నది చివరికి ఒక బేరం. లిథియం, మెగ్నీషియం మహా చురుకు. పల్లాడియానికైనా నికెల్‌కైనా కార్బన్‌ని క్షణంలో అందిస్తాయి. కుమాడా, కోరియు 1972లో విడివిడిగా చూపించింది అదే, గ్రిగ్నార్డ్‌ని నేరుగా నికెల్‌తో కప్లింగ్ చేయడం. కానీ ఆ చురుకుతోనే మీ ఎస్టర్‌నీ తినేస్తాయి. బోరాన్ మహా నెమ్మది. ఎస్టర్ జోలికి పోదు, గాలికి బెదరదు, కానీ దాన్ని కదిలించడానికి బేస్, నీళ్లు, వేడి కావాలి. మీ అణువుని చంపుతున్నవి సరిగ్గా ఆ మూడే. జింక్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. చాలావరకు ఎస్టర్‌ని వదిలేస్తుంది, పల్లాడియానికి మాత్రం కార్బన్‌ని తొందరగా అప్పగిస్తుంది, నీళ్లు అక్కర్లేదు, బేస్ అక్కర్లేదు. నీళ్లే లేనప్పుడు ప్రోటోడీబోరోనేషన్ లాంటి గొడవ ఎక్కడిది? తగరం (టిన్) కూడా పని చేస్తుంది, 2-పిరిడైల్ స్టానేన్లు అనే తగరపు రియేజెంట్లు చాలాకాలం అందరినీ ఆదుకున్నాయి. కానీ ఆ విషాన్ని, ప్రాడక్ట్‌లోంచి దాన్ని వదిలించుకునే యాతనని ఇప్పుడు ఎవరికీ అంటగట్టలేను.

ఒక ముచ్చట. ఈ లోహాలన్నిట్లో జింకే పెద్దన్న. ఫ్రాంక్‌లాండ్ 1849లోనే ఇథైల్ జింక్ చేశాడు. అర్ధశతాబ్దం తర్వాత గ్రిగ్నార్డ్ రాగానే అందరూ జింక్‌ని మరిచిపోయారు, మెగ్నీషియం అంత చురుగ్గా లేదని. ఆ చురుకు లేకపోవడమే దాని బలమని 1970ల్లో ఎయిచి నెగిషి పల్లాడియం పక్కన నిలబెట్టి చూపించాడు. నెగిషి, సుజుకి ఇద్దరూ హెర్బర్ట్ బ్రౌన్ దగ్గర బోరాన్ రసాయనం నేర్చుకున్నవాళ్లే. 2010 నోబెల్‌ని రిచర్డ్ హెక్‌తో కలిసి ఆ ఇద్దరూ పంచుకున్నారు. ఒకే గురువు దగ్గర చదివి, ఒకరి పేరు బోరాన్‌తో, ఒకరి పేరు జింక్‌తో ముడిపడిపోయింది.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వద్దాం. పిరిడైల్ జింక్ చేయడానికి మీకు బ్యూటైల్ లిథియం అక్కర్లేదు. పాల్ నోషెల్ బృందం 2004లో ఐసోప్రొపైల్ మెగ్నీషియం క్లోరైడ్‌కి లిథియం క్లోరైడ్ జత చేసింది. ఇప్పుడు దాన్ని అందరూ టర్బో గ్రిగ్నార్డ్ అంటారు. టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్‌లో 2-బ్రోమోపిరిడిన్‌తో కలిపితే మామూలు గది వేడిమిలోనే బ్రోమిన్, మెగ్నీషియం చోట్లు మార్చుకుంటాయి, దీన్నే ఎక్స్‌చేంజ్ అంటారు. దాన్ని చల్లబరిచి ఎండిన జింక్ క్లోరైడ్ ద్రావణం కలపండి, జింక్ రియేజెంట్ తయారు. మెగ్నీషియం ముక్కలు లేవు, "మొదలు కావడం లేదు" అన్న టెన్షన్ లేదు. తయారైన 2-పిరిడైల్ జింక్ బ్రోమైడ్ ద్రావణం సీసాల్లో కూడా దొరుకుతుంది, మొదటి ప్రయత్నానికి అదే తెప్పించుకున్నా తప్పులేదు.

అన్నట్టు, మీ పదకొండు లైగాండ్లూ వృథా కావు. పిరిడిన్ నైట్రోజన్ పల్లాడియాన్ని పట్టుకుని కూర్చోకుండా ఎక్స్‌ఫోస్, ఎస్‌ఫోస్ లాంటి పెద్ద శరీరం ఉన్న ఫాస్ఫీన్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఆ పదకొండులో ఇవి కచ్చితంగా ఉండే ఉంటాయి.

అయితే ఒక్క షరతు, దీన్ని మాత్రం దాటేయొద్దు. టైట్రేషన్ చేయకుండా, అంటే లోపల రియేజెంట్ నిజంగా ఎంత ఉందో కొలవకుండా, ఏ ఆర్గానోమెటాలిక్ సీసానీ వాడకండి.

నా కథ చెప్తానన్నాను కదా. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ల్యాబ్‌లో అందరూ వాడే ఒక ఐసోప్రొపైల్ గ్రిగ్నార్డ్ సీసా ఉండేది. లేబుల్ మీద 2 మోలార్. ఆరు వారాలు నా ఎక్స్‌చేంజ్ సగంలోనే ఆగిపోయేది. ఉష్ణోగ్రత మార్చాను, సాల్వెంట్ మార్చాను, కొత్త సబ్‌స్ట్రేట్ చేసుకున్నాను. ఒకరోజు పక్క బెంచి అతను ఏదో అవసరానికి అదే సీసాని టైట్రేట్ చేసి, నా వైపు తిరిగి "ఇది 1.1 ఉంది, నీకు తెలుసా?" అన్నాడు. సీసా రబ్బరు మూత (సెప్టమ్) జల్లెడలా అయిపోయి ఉంది, ఎవరు ఎన్ని సూదులు గుచ్చారో. ఆ ఆరు వారాలు ఎవరిస్తారు నాకు? అప్పటినుంచి సీసా మీద లేబుల్ కంటే, ఎవరో పెన్నుతో రాసిన తేదీ, మోలారిటీనే ఎక్కువ నమ్ముతాను.

మీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. టర్బో గ్రిగ్నార్డ్ తక్కువ పడితే 2-బ్రోమోపిరిడిన్ మిగిలిపోతుంది. అది మీ పిరిడైల్ జింక్‌తోనే కప్లింగ్ అయి 2,2-బైపిరిడిన్ పుడుతుంది. అది పల్లాడియాన్ని రెండు చేతులా పట్టుకుని వదలదు. ఎక్కువ పడితే మిగిలిన ఐసోప్రొపైల్ గుంపు కూడా జింక్ ఎక్కి, మీ బ్రోమైడ్‌తో తనే జతకడుతుంది. కాబట్టి సుమారుగా అంటే కుదరదు.

నేను వాడే పద్ధతి నోషెల్ ల్యాబ్ 2006లో ఇచ్చింది. 127 మిల్లీగ్రాముల అయోడిన్, అంటే అర మిల్లీమోల్, తూకం వేసి ఎండిన వయల్‌లో ఆర్గాన్ కింద పెట్టండి. టీహెచ్‌ఎఫ్‌లో అర మోలార్ లిథియం క్లోరైడ్ ద్రావణం ఓ 3 మిల్లీలీటర్లు పోయండి. పుట్టే లవణాలు అడుగుకు దిగి గజిబిజి చేయకుండా ఆ లిథియం క్లోరైడ్ చూసుకుంటుంది. ఐస్ బాత్‌లో పెట్టి, 1 మిల్లీలీటర్ సిరంజితో మీ రియేజెంట్‌ని చుక్కచుక్కగా వదలండి. ముదురు గోధుమ రంగు పలచబడి, పసుపై, ఒక్క చుక్కతో రంగు పూర్తిగా పోతుంది. అక్కడ ఆపండి. 0.62 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి, 0.5 ని 0.62 తో భాగిస్తే మీ ద్రావణం 0.81 మోలార్. మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. ఈ పద్ధతి మెగ్నీషియానికీ జింక్‌కీ రెంటికీ పనికొస్తుంది, అందుకే నాకిష్టం.

ఎక్స్‌చేంజ్ పూర్తయిందా లేదా చూడటానికి కూడా అయోడినే వాడండి. అరచుక్క తీసి నీళ్లలో వేస్తే పుట్టేది పిరిడిన్, అది మళ్లీ కనబడకుండా పోతుంది. అయోడిన్ ద్రావణంలో వేస్తే 2-అయొడోపిరిడిన్ వస్తుంది, టీఎల్‌సీలో జీసీలో హాయిగా కనిపిస్తుంది. పక్కన బ్రోమోపిరిడిన్ ఎంత మిగిలిందో కూడా తెలిసిపోతుంది.

నీటి లెక్క కూడా ఒకసారి చేసుకోండి. టీహెచ్‌ఎఫ్‌లో పదిలక్షలకు 100 భాగాల నీళ్లున్నాయంటే పెద్ద తేమ అనిపించదు. 10 మిల్లీలీటర్లలో అది 0.9 మిల్లీగ్రాములు, అంటే 0.05 మిల్లీమోల్. మీరు ఒక మిల్లీమోల్ స్కేల్‌లో చేస్తుంటే నూటికి ఐదు అక్కడే హుష్‌కాకి. సాల్వెంట్‌ని ఎండబెట్టే స్టిల్‌లో సోడియం-బెంజోఫినోన్ నీలం రంగు చూసి మురిసిపోయే తరం మాది. నిజానికి బాగా కాల్చి ఆరబెట్టిన 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్ వేసి రెండు మూడు రోజులు ఉంచితే ఆ నీళ్లు పది భాగాల లోపుకి దిగుతాయి. ఆ స్టిల్ ముందు కాపలా కూర్చునే పనీ తప్పుతుంది.

గ్రిగ్నార్డ్ మొదలు కాకపోవడం గురించి: మెగ్నీషియం ముక్కల మీద ఆక్సైడ్ పొర ఉంటుంది, తేమ దాన్ని మరింత గట్టి చేస్తుంది. డైబ్రోమోఈథేన్ కొన్ని చుక్కలు వేస్తే ఆ పొర చీలుతుంది, ఇథిలీన్ బుడగలు రావడం కంటికి కనిపిస్తుంది కాబట్టి లోహం మేలుకుందని తెలుస్తుంది. అయోడిన్ పలుకూ పనిచేస్తుంది. కానీ ఒక ప్రాణాంతకమైన పొరపాటు ఉంది: మొదలు కావడం లేదు కదా అని హాలైడ్‌ని ఇంకాస్త, ఇంకాస్త పోస్తూ పోవడం. అది మేలుకున్నప్పుడు పోసిందంతా ఒక్కసారిగా రగులుతుంది, ఈథర్ మరిగి కండెన్సర్ దాటి బయటికి తన్నుతుంది. పదోవంతు పోశాక వేడి పుట్టకపోతే పోయడం ఆపి, అది మొదలయ్యేదాకా వేచి ఉండండి. ఎంత సేపైనా సరే.

బ్యూటైల్ లిథియం అంటే భయమని రాశారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, భయం లేనివాళ్లను చూస్తేనే నాకు భయం. 2008 డిసెంబర్‌లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో టెర్షియరీ బ్యూటైల్ లిథియంని ప్లాస్టిక్ సిరంజిలోకి ఎక్కిస్తుంటే పిస్టన్ ఊడిపోయి, ద్రవం గాలి తగిలి అంటుకుంది. ల్యాబ్ కోటు లేదు, ఒంటి మీద సింథటిక్ స్వెటర్. ఆ యువ పరిశోధకురాలు కొన్ని వారాల తర్వాత చనిపోయింది. ఎప్పుడైనా దాన్ని వాడక తప్పకపోతే సిరంజిని సగానికి మించి నింపకండి, ఎక్కువ పరిమాణమైతే కాన్యులా (రెండు చివర్లా మొన ఉండే పొడవాటి సూది గొట్టం) వాడండి, ఒంటరిగా ఉన్నప్పుడు అసలు ముట్టుకోకండి. మొదటి రెండుసార్లు చేయి తిరిగినవాళ్లను పక్కన నిలబెట్టుకోండి. ఈ ప్రాజెక్ట్‌కి మాత్రం దాని అవసరం లేదు, ఇంకోసారి చెప్తున్నాను.

జింక్ దారి కూడా మూసుకుపోతే రెండు తలుపులున్నాయి. మార్టిన్ బర్క్ తెచ్చిన మైడా బోరోనేట్లు ఒకటి. బోరాన్‌ని ఒక కవచంలో దాచి, రియాక్షన్ నడుస్తుండగా కొద్దికొద్దిగా వదులుతాయి. వదిలింది వదిలినట్టు పల్లాడియం అందుకుంటుంది, నీళ్లకి దొరికే సమయం ఉండదు. 2-పిరిడైల్ విషయంలో దానికి రాగి లవణం కూడా తోడు కావాలి. రెండోది 2017లో మైకేల్ విల్లిస్ బృందం చూపించిన పిరిడిన్ సల్ఫినేట్లు. బోరాన్ బదులు సల్ఫర్, గాలిలో నిలవుండే ఘనపదార్థాలు. వేడి బాగా కావాలి, మీ ఎస్టర్ అంత వేడికి ఓర్చుకుంటుందా అన్నది చూసుకోవాలి.

ఇక మీ గైడ్ అన్న 86 శాతం. ఆ పేపర్ సప్లిమెంటరీ తెరిచి, అందులో అసలు 2-పిరిడైల్ బోరోనిక్ యాసిడ్ ఉందేమో వెతకండి. ఫినైల్, టోలైల్, మహా అయితే 3-పిరిడైల్ ఉంటాయి. 3-పిరిడైల్‌లో నైట్రోజన్ ఒక్క అడుగు దూరం జరిగింది, ఆ ఒక్క అడుగుతో ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది. "హెటెరోఆరైల్ కూడా పనిచేస్తుంది" అని పేపర్ పైన రాసిన మాటకి, కింద పట్టికలో ఉన్న అణువులకి మధ్య ఎంత దూరమో చూస్తే మీకు తెలుస్తుంది. ఆయనతో వాదించొద్దు. "సార్, నా చేతి తప్పు కాదు" అంటే వినరు, నేనైనా వినను. బోరోనిక్ యాసిడ్ తగ్గుతూ పిరిడిన్ పెరుగుతున్న ఆ గ్రాఫ్ టేబుల్ మీద పెట్టి, పల్లాడియం వేయకుండానే ఇలా వచ్చిందని ఒక్క మాట చెప్పండి. కెమిస్ట్ అయినవాడికి అంతకుమించి చెప్పక్కర్లేదు.

ముందు ఆ వయల్ పెట్టండి. ఐదు నిమిషాల పాయింట్ తీసేటప్పుడు వేడి ద్రావణాన్ని వెంటనే ఐస్‌లో పెట్టడం మాత్రం మరిచిపోకండి, లేకపోతే ఎన్‌ఎంఆర్ గది దాకా నడిచేలోపే అది పదో నిమిషం పాయింట్ అయిపోతుంది.